కళ్లద్దాలోడిని తిట్టిన చేను

కొత్తగా మా శాఖలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొస్తుంటారు. కాఫీ తాగి, కాసేపు పై అధికారుల మీద చాడీలు చెప్పి, చివరికి పని మీదికి వస్తారు. "సార్, వరి గింజ పాలు పోసుకునేటప్పుడు పిట్టలు ఆగడం లేదు. మీ కాలంలో ఏం చేసేవాళ్లు?" అని అడుగుతారు. రిబ్బన్లు కట్టండి, డబ్బాలు మోగించండి అని చెబుతాను. అవన్నీ వాళ్ల పుస్తకాల్లో ఉన్నవే. నేను సొంతంగా కనిపెట్టిన పద్ధతి ఒకటుంది. అది మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ఒక అవ్వ నన్ను ఇరవై రెండు నిమిషాల పాటు ఎలా తిట్టిందో కూడా చెప్పాలి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సిగ్గు అడ్డొచ్చింది. ఇప్పుడు పెన్షన్ తీసుకుంటున్నవాడికి సిగ్గుతో పనేముంది?

రిటైరు కావడానికి రెండేళ్ల ముందు సత్యవేడు దగ్గర వ్యవసాయ విస్తరణాధికారిగా ఉండేవాడిని. చేతిలో గొడుగు, కాళ్లకు పాలిష్ చేసిన బూట్లు, ముక్కు మీద సోడాబుడ్డి కళ్లద్దాలు. చేలోకి దిగితే ఒక మూలే కనిపిస్తుంది, గట్టు మీద నిలబడితే చేనంతా కనిపిస్తుంది అని కింది ఉద్యోగులకు పాఠం చెప్పేవాడిని. బూట్లు పాడవుతాయన్న సంగతి మాత్రం పాఠంలో ఉండేది కాదు.

ఆ ఊళ్లో ఒకామె ఎకరన్నర కౌలుకు చేస్తుండేది. నలభై ఏళ్లుంటాయి. భర్త రేణిగుంటలో లారీ డ్రైవరు, నెలకొకసారి ఇంటికొస్తాడు. ఇంట్లో ఉండేది ఆమె, ఆమె అత్త. చేను తిరుపతిలో ఉండే ఒకాయనది. వరి చేసి చేసి ఏం మిగిలింది, మామిడి పెట్టేస్తానని ఆయన రెండేళ్లుగా అంటున్నాడు. ఆమె నా దగ్గరికొచ్చి మొరపెట్టుకుంటే, విత్తనానికి పండించమని సలహా ఇచ్చింది నేనే. మామూలు వడ్ల కంటే విత్తనపు వడ్లకు గిరాకీ ఎక్కువ కదా. భూస్వామితో నేనే మాట్లాడాను. ఆయన సరేనన్నాడు, కానీ ఒక షరతు పెట్టాడు. తనిఖీలో చేను పాసైతే చేను ఆమెకే వదులుతాడు. ఫెయిలైతే మామిడే. కాబట్టి ఆ చేను పోతే ఆమె చేతిలో పనంటూ మిగలదు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసి కూడా గొడుగు కిందే నిలబడ్డాను, అది వేరే విషయం.

తనిఖీకి పన్నెండు రోజులుందనగా రెండు కష్టాలు కలిసి వచ్చాయి. ఒకటి ఊద. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. వరి మడిలో వరి లాగే మొలిచి, వరి లాగే పెరిగి, తానూ వరినే అన్నట్టు నిలబడే గడ్డి అది. కంకి తీశాక గాని దొరకదు. దొరికిన వెంటనే పెరకకపోతే గింజ రాలుస్తుంది, విత్తనంలో కలుస్తుంది. ఊద ఉన్న చేనుకు తనిఖీ అధికారి సంతకం పెట్టడు. రెండోది పిట్టలు. గిజిగాళ్లూ చిలుకలూ మందలు మందలుగా దిగి, పాలమీదున్న గింజను నొక్కి రసం తాగి, పొట్టు మనకు వదిలేస్తాయి.

ఊదకు చేతులు కావాలి, పిట్టలకు నోరు కావాలి. ఆ చుట్టుపక్కల ఫ్యాక్టరీలు వచ్చాక వయసులో ఉన్న ఆడవాళ్లంతా పొద్దున్నే కంపెనీ బస్సెక్కి వెళ్లిపోతున్నారు. కలుపు తీయడానికి మిగిలింది ఆరుగురు, అందరూ యాభై దాటినవాళ్లే. వాళ్లకొక పెద్దామె ఉండేది. ఆమె రమ్మంటేనే మిగతా ఐదుగురు వస్తారు, పొమ్మంటే పోతారు. ఆ ఆరుగురినీ ఊద మీద పెట్టాం. మరి పిట్టలకెవరు?

రంగు రిబ్బన్లు కట్టించాను. పిట్టలు వాటి మీద ఊగాయి. డబ్బాలు కట్టించాను. గాలి లేదు. దిష్టిబొమ్మకు నా పాత చొక్కా, పాత గొడుగు ఇచ్చాను. మూడోనాటికి దాని భుజం మీద చిలుక కూర్చుని కంకి ఒలుచుకుంటోంది.

"సారూ, అచ్చం మీ మాదిరే ఉండాది" అంది కలుపు పెద్దామె. "గెనిమ మీద కదలకుండా నిలబడుకోనుండాది."

గట్టును అక్కడ గెనిమ అంటారు. ఆరుగురూ నవ్వారు. నేనూ నవ్వినట్టు నటించాను.

నా పరిశోధన ఆ మరుసటి రోజు మొదలైంది. కౌలుదారు అత్త, డెబ్బై ఏళ్ల అవ్వ, కర్ర పట్టుకుని చేను దగ్గరికి వచ్చింది. కోడలు మజ్జిగ కుండ మీద మూత పెట్టడం మరిచిందట. ఇంటి దగ్గర నుంచి మోసుకొచ్చిన కోపమంతా గట్టు మీద ఒక్కసారిగా దించింది. "మూత పెట్టనీకి నీకు చేతుల్లేవా?" అని ఆమె అనడం, చేను మీది మంద మొత్తం గుప్పున లేవడం ఒకేసారి జరిగాయి. అవ్వ ఆగలేదు. పిట్టలూ ఆగలేదు. అటునుంచి అటే తమిళనాడు వైపు పోయి, సాయంత్రం దాకా మళ్లీ రాలేదు. అలాంటి గొంతు నేను నా సర్వీసులో వినలేదు. కానీ అవ్వకు మోకాళ్ల నొప్పులు. రోజంతా ఎండలో నిలబడి తిట్టమంటే కుదరదు. గొంతును మాత్రం తెచ్చి పెట్టుకుంటే?

పక్క మండలంలో నా ఈడు విస్తరణాధికారి ఒకాయన ఉండేవాడు. క్రైస్తవుడు, వారమంతా ఎరువుల గురించి, ఆదివారం వాక్యం గురించి చెప్పేవాడు. ఊళ్లలో ప్రార్థన కూటాలకని బ్యాటరీ స్పీకరు ఒకటి కొనుక్కున్నాడు. అడిగితే కాదనలేదు, కానీ రెండు షరతులు పెట్టాడు. శనివారం సాయంత్రానికి స్పీకరు తిరిగి ఇచ్చేయాలి. అందులో బూతు మాట ఒక్కటి కూడా పలకకూడదు.

"దేవుని మాట పలికిన పెట్టెప్పా అది" అన్నాడు. "రికార్డింగుకు నేనూ వస్తా. ఇని, నేను సరేనంటేనే పెట్టల్ల."

రికార్డింగు నాడు అవ్వ ఉతికిన చీర కట్టుకుని, తలకు నూనె రాసి దువ్వుకుని, మొహానికి పౌడరు వేసుకుని వచ్చి గట్టు మీద కూర్చుంది. ఫోను ఆమె ముందు పెట్టాను.

"ఇంక తిట్టు అవ్వా."

"ఎవుర్ని నాయనా?"

"పిట్టల్ని."

అవ్వ గొంతు సవరించుకుంది. ఫోను వైపు చూసి చేతులు జోడించింది. "పిట్టలారా, మీరూ బతకల్ల గదా. కాకుంటే మా కోడలు శానా కష్టపడి పండించుకోనుండాది. రోంత పక్కకు పోండి తల్లీ" అంది.

"ఇది ప్రార్థన మాదిరి ఉండాదే" అన్నాడు నా సహోద్యోగి మెచ్చుకోలుగా.

అట్లా కాదు, కోడల్ని తిట్టినట్టు తిట్టమన్నాను. అవ్వ నన్ను విచిత్రంగా చూసింది. "ఆ పిల్ల ఇప్పుడేం తప్పు సేసింది? తప్పు సేయకుండా ఎట్లా తిట్టేది?" అంది. గంటసేపు ప్రయత్నించాం. కుక్కను తిట్టమన్నాం, కరెంటు వాళ్లను తిట్టమన్నాం. కారణం లేనిదే ఆమెకు నోరు లేవదు. ఆ గంటలో పిట్టలు మూడుసార్లు దిగాయి.

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. గొడుగు భుజాన వేసుకుని, విసుగు నటిస్తూ, "పోనీలే అవ్వా. ఈ చేను పాసైతేనేమి, ఫెయిలైతేనేమి. పోతే పోతాది" అన్నాను. నటించానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను.

అవ్వ లేచి నిలబడింది. కర్ర కూడా తీసుకోలేదు.

"ఒరే కళ్లద్దాలోడా! నాలుగు కండ్లు పెట్టుకోని గెనిమ మీద కొంగ మాదిరి నిలబడి ఏం సూస్తాండావురా? నీ గొడుగు గాలికి పోనూ! నీ పెన్ను ఇంకెండిపోనూ! ఇత్తనం ఎయ్యి, ఇత్తనం ఎయ్యి అని ఇంటి సుట్టూ తిరిగి, ఇప్పుడు పోతే పోతాదంటావా? ముప్పై ఏండ్లు జీతం తింటివే, ఒక్క ఊద మొక్క పెరికినావా? నీ బూట్లకు బురదంటింది ఎప్పుడురా? దిగరా, దిగి పెరకరా! నీ కాగితాలు గొర్రెలు మెయ్య! నీ సెల్లు బాయిలో పడ!"

ఇది మొదటి నిమిషం మాత్రమే. మిగతా ఇరవై ఒక్క నిమిషాల్లో నా నడక, నా మీటింగులు, నేను పంచిపెట్టిన కరపత్రాలు, వాటిలో ఆమె పకోడీలు కట్టుకున్న వైనం, మా డైరెక్టరు వచ్చినప్పుడు నేను పరుగెత్తిన తీరు, ఏదీ వదల్లేదు. ఒక్క బూతు లేదు. నా సహోద్యోగి పెన్సిలు పట్టుకుని కూర్చుని రెండు మాటల దగ్గర గీత పెట్టాడు, తర్వాత బాగా ఆలోచించి వాటినీ ఉండనిచ్చాడు. ఆ ఇరవై రెండు నిమిషాలూ చేను మీద ఒక్క పిట్ట లేదు.

మర్నాటి నుంచి స్పీకరు పని మొదలుపెట్టింది. పొద్దున వెలుతురు రాగానే "ఒరే కళ్లద్దాలోడా" అని మొదలు. అయిపోగానే మళ్లీ మొదటి నుంచి. మూడు రోజులు పిట్ట వాలలేదు. పక్క చేలవాళ్లు వచ్చి ఆడియో తమ ఫోన్లలోకి ఎక్కించుకున్నారు. నేను బండి మీద పోతుంటే మూడు ఊళ్ల చేలు నన్ను తిట్టేవి. పైకి మాత్రం 'ధ్వని ద్వారా పక్షుల నివారణ' అని నివేదిక పంపాను. ఆడియో వినకుండానే పై ఆఫీసు మెచ్చుకుంది.

శనివారం సాయంత్రం స్పీకరు కూటానికి పోయింది. ఆదివారం ఉదయం చేను నిశ్శబ్దంగా ఉండేసరికి పిట్టలకు అర్థమైపోయింది. ఆ సాయంత్రం స్పీకరు తిరిగొచ్చింది గానీ వాటికి పాత భయం లేదు. స్పీకరుకు నాలుగు బారల దూరంలో కూర్చుని, నన్ను తిడుతుంటే వింటూ కంకులు ఒలుచుకునేవి. రోజూ స్పీకరు చోటు మారుస్తూ, గొంతు పెంచుతూ నెట్టుకొచ్చాం.

ఇక్కడ నేను లెక్కలోకి తీసుకోనిది ఒకటుంది. అవ్వ మనసు. ఆమె నన్ను తిట్టింది ఒక్కపూట. అది రోజుకు ఇరవై ఏడుసార్లు వినబడుతోంది. సాయంత్రం నేను వెళ్లేసరికి ఉడకబెట్టిన శనగకాయలు పట్టుకుని గట్టు మీద కాచుక్కూర్చునేది.

"ఈ పొద్దు ఎన్నిసార్లు తిట్టినా నాయనా?"

"ఇరవై ఏడు అవ్వా. అయినా నువ్వు కాదు గదా, మిషను తిట్టింది."

"గొంతు నాదే గదా. తప్పయిపాయ. మనసులో పెట్టుకోవాకప్పా."

రోజూ ఇదే వరస. ఆరోజు తిట్లకు ఆరోజు క్షమాపణ. నేను నవ్వేవాడిని. ఆమె నవ్వేది కాదు. నిజంగానే రాత్రిళ్లు అన్నం తినడం లేదని కోడలు చెప్పింది. అది కూడా నేను పట్టించుకోలేదు.

తనిఖీకి మూడు రోజులుందనగా అవ్వ చిత్తూరులో ఉండే కూతురింటికి పోయి రాత్రికి తిరిగొచ్చింది. మర్నాడు కోడలు నా ఆఫీసుకు పరుగెత్తుకుంటూ వచ్చింది.

"సార్, మా అత్తకేమో అయింది. పొద్దున నన్ను 'అమ్మా' అని పిలిసింది. సాంబార్లో ఉప్పెయ్యడం మరిసిపోతే, శానా బాగుండాది అని తినింది. నాకు భయమైతాండాది."

విషయం ఏమిటంటే అవ్వ చిత్తూరు నుంచి కాణిపాకం పోయింది. అక్కడి వినాయకుడి ముందు ప్రమాణం చేస్తే తప్పకూడదని మా జిల్లా అంతటా నమ్ముతారు. తాగుబోతులు తాగమని ప్రమాణం చేస్తారు. అవ్వ ఇక జన్మలో ఎవరినీ తిట్టనని ప్రమాణం చేసి వచ్చింది.

సరిగ్గా ఆ రోజే కలుపు పెద్దామె నా దగ్గరికి రాయబారం వచ్చింది. పని మానేస్తున్నామంది.

"ఎందుకమ్మా, మిమ్మల్ని ఏమీ అనడం లేదు గదా అది?"

"మమ్మల్ని కాదు సారూ, మిమ్మల్నే. మొదట్లో శానా బాగుండింది. నవ్వొస్తే నడుము వంగదు, అయినా ఓర్సుకున్యాం. ఇప్పుడు మొత్తం నోటికొచ్చేసింది. పొద్దుగాల ఇదే తిట్టు, మాపటాల ఇదే తిట్టు. ఎన్నిదినాలు ఇంటాం? కొత్తది పెట్టించండి, వస్తాం."

ఆమె వేళాకోళానికి అనడం లేదు. అవ్వ దగ్గరికి పోయి బతిమాలాను. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. కలుపు బృందం పక్కనున్న శనగ చేలోకి వెళ్లిపోయింది. అక్కడ స్పీకరు లేదు, ప్రశాంతంగా ఉందట. అప్పటికి చేనంతా అయిపోయి తూర్పు మూల మాత్రం మిగిలింది. ఆ మూలే ఊదకు పుట్టినిల్లు.

తనిఖీ రోజు వచ్చింది. అధికారి పదకొండుకు వస్తానన్నాడు. తొమ్మిదింటికి నేను శనగ చేలో ఆరుగురి కాళ్లావేళ్లా పడుతున్నాను. ఆయన ఒక గంట ముందే, పదింటికే వచ్చేశాడు. కౌలుదారామె ఒక్కతే తూర్పు మూలలో మోకాలిలోతు బురదలో వంగి ఊద పెరుకుతోంది, ఆయన్ను చూడలేదు. స్పీకరు మోగుతోంది. నేను పరుగున వచ్చేసరికి ఆయన గట్టు మీద కొయ్యబారి నిలబడి ఉన్నాడు. నుదుట సన్నని నామం. చేతిలో గొడుగు. ముక్కు మీద నా వాటికంటే మందమైన కళ్లద్దాలు.

చేతిలో గొడుగు, ముక్కు మీద అద్దాలు నాకొక్కడికే ఉంటాయని నేనెలా అనుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు.

"పావుగంట నుంచి వింటున్నాను" అన్నాడాయన చాలా నెమ్మదిగా. "వీరితో నాకు పూర్వ పరిచయం లేదు. నా గొడుగు సంగతి వీరికి ముందే ఎలా తెలిసింది?"

"అది మిమ్మల్ని కాదు సార్. నన్ను."

ఆయన నా కళ్లద్దాలను చూశాడు, గొడుగును చూశాడు. నమ్మలేదు. ఒక అధికారి తనను తిట్టించుకుని, దాన్ని స్పీకరులో పెట్టుకుంటాడని ఎవరు మాత్రం నమ్ముతారు? "ముందు దాన్ని ఆపండి" అన్నాడు. ఆపాను. స్పీకరు ఆగిన రెండు నిమిషాలకే పడమటి సగం మీద మంద దిగింది.

ఆయన మాత్రం పిట్టల వైపు చూడలేదు. పిట్టల నష్టానికి ఆయన ఫారంలో కాలమ్ లేదు. గట్టు వెంట నడిచి తూర్పు మూల చూసి, ఫారం మూసి జేబులో పెట్టుకున్నాడు. "ఈ ఊదతో నేను సంతకం చేయలేను. ఒంటిగంటకు ఇంకొక ఊరు వెళ్లాలి. ఆలోగా తీసేస్తే మళ్లీ చూస్తాను. లేదంటే తిరస్కరించవలసి వస్తుంది" అన్నాడు. మర్యాదస్తుడు. ఆయన తప్పేమీ లేదు.

కౌలుదారామె నడుమెత్తి నా వైపు చూసింది. ఏడవలేదు. "సార్, తిరుపతాయన మామిడి మొక్కలు అప్పుడే తెచ్చి ఊళ్లో పాతింటి దొడ్లో పెట్టినాడు. నిన్న సూసొచ్చినా" అంది. మళ్లీ వంగింది.

నేను చేలోకి దిగాను. బూట్లు విప్పాలన్న ఆలోచన కూడా రాలేదు. ముప్పై ఏళ్లకు పైగా వందల మందికి ఊదను చూపించి పెరకమన్నాను. అది ఎంత గట్టిగా పట్టుకుని ఉంటుందో మాత్రం అప్పుడే తెలిసింది. నాలుగు మొక్కలు పెరికేసరికి అరచేయి కోసుకుపోయింది. అద్దాల మీద బురద చింది సగం చేను కనిపించడం లేదు. ఇద్దరం రెండు గంటల్లో పూర్తి చేయలేమని ఇద్దరికీ తెలుసు.

అటు పడమట పిట్టలు పండగ చేసుకుంటున్నాయి. అవి తింటున్నది పాసైతే విత్తనమయ్యే గింజనే. ఆపమన్న అధికారి గట్టు మీదే ఉండగా స్పీకరు మళ్లీ పెట్టలేం. ఒకరం అటు పోతే ఊద ఆగిపోతుంది. పోకపోతే చేను సగం ఊడ్చుకుపోతుంది. అవ్వ కర్రూపుకుంటూ గట్టు మీద అటూఇటూ తిరుగుతోంది. చప్పట్లు కొడుతోంది. ఏ పిట్టా లెక్క చేయడం లేదు. నోరు తెరవబోయి, ప్రమాణం గుర్తొచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఆమెను ఆ గతికి తెచ్చింది నేనే. నాకు నా మీద అసహ్యం వేసింది.

"హో! హో!" అని అరిచాను. పిట్టలు తలెత్తలేదు. ఇంకోసారి అరిచాను. ఒక చిలుక మాత్రం కాస్త పక్కకు జరిగింది. ఇంకేమని అరవాలి? నాకు నోటికొచ్చిన తిట్లు ఒకటే వరస. వారం రోజులుగా మూడు ఊళ్ల చేలు నాకు నేర్పినవే.

"ఒరే కళ్లద్దాలోడా!" అని అరిచాను, ఒక ఊద మొక్క పెరుకుతూ. "నాలుగు కండ్లు పెట్టుకోని గెనిమ మీద కొంగ మాదిరి ఏం సూస్తాండావురా!"

మంద గుప్పున లేచింది.

స్పీకరుకు అలవాటు పడిన పిట్టలు బురదలోంచి లేచి చేతులు విసురుతున్న మనిషికి అలవాటు పడలేదు. ఆగితే మళ్లీ దిగుతాయి. అందుకని ఆగలేదు. వంగినప్పుడు పెరికాను, లేచినప్పుడు తిట్టాను. గట్టు మీది అధికారి అదిరిపడి, "ఎవరిని మీరు అనేది?" అన్నాడు. "నన్నే సార్, నన్నే! ముప్పై ఏండ్లు జీతం తింటివే, ఒక్క ఊద మొక్క పెరికినావా!" అన్నాను. ఆయనకు కావలసిన రుజువు దొరికింది. మొహం తేటపడింది.

జీతం దాకా బాగానే వచ్చాను. అక్కడ ఊపిరందక తరువాతి మాట మరిచిపోయాను. పిట్టలు చక్కర్లు కొడుతూ కిందికి వస్తున్నాయి.

"ఆ పిమ్మట బూట్ల ప్రస్తావన ఉన్నట్టు గుర్తు" అన్నాడు అధికారి గట్టు మీద నుంచి. పావుగంట శ్రద్ధగా విన్నాడు మరి.

"నీ బూట్లకు బురదంటింది ఎప్పుడురా!" అందుకున్నాను.

శనగ చేలో నడుములు లేచాయి. అంత దూరం నుంచి కూడా వాళ్లకు తేడా తెలిసింది. "ఓయమ్మా! సారు కొత్తది పెట్టినాడే!" అని పెద్దామె కేక వినబడింది. ఆరుగురూ కంచె దాటి వచ్చి చూశారు. గొంతు స్పీకరుది కాదు. ఆఫీసరు బూట్లతో సహా బురదలో ఉండి తనను తానే తిట్టుకుంటున్నాడు.

"ఇట్లాగైతే ఎన్నిదినాలైనా ఇంటాం" అంది పెద్దామె, చీర ఎగ్గట్టుతూ.

ఆరుగురూ దిగారు. అంతా వాళ్లకు నోటికొచ్చిందే కదా. నా గొంతు తడారిన చోట వాళ్లందుకున్నారు. కాగితాలు గొర్రెలు మేయడం ఒకరు, సెల్లు బావిలో పడటం ఇంకొకరు. నవ్వితే నడుము వంగదన్నవాళ్లే ఆరోజు నవ్వుతూనే వంగారు. అధికారి గట్టు మీద గొడుగు మూసి పెట్టి, పెరికిన ఊద కట్టలను అందుకుని పక్కకు విసిరేశాడు. మాట మరిచినప్పుడల్లా శుద్ధమైన భాషలో అందించాడు. పన్నెండున్నరకు తూర్పు మూల శుభ్రమైంది. ఆయన ప్యాంటు మడుచుకుని చేలోకి దిగి, ఒక్కో చోట ఆగి కంకులు లెక్కపెట్టి, ఏదీ తేలిగ్గా వదలకుండా చూసి, పైకొచ్చి సంతకం చేశాడు.

కౌలుదారామె ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, బురద అంటకుండా తలకంటే ఎత్తుగా లేపి నిలబడింది. అప్పుడు ఏడ్చింది. మామిడి మొక్కలను ఆ యజమాని ఇంకెక్కడో పెట్టుకున్నాడట. ఆమె ఆ చేను ఇప్పటికీ చేస్తోంది.

అందరూ వెళ్లాక కాలువ దగ్గర కూర్చుని బూట్లలోంచి బురద తీస్తున్నాను. నిజం చెప్పాలంటే గర్వంగా ఉంది. చేనును నేనే గట్టెక్కించానని లోపల లోపల అనుకుంటున్నాను. అవ్వ కర్ర ఊతగా వచ్చి పక్కన కూర్చుంది.

"బాగా తిట్టినావు నాయనా" అంది. "అన్నీ అన్నావు. ఒక్క మాట ఇడిసిపెట్టినావు."

ఏ మాటో నాకు తెలుసు. ఇరవై రెండో నిమిషంలో, తిట్లన్నీ అయిపోయాక, అవ్వ గొంతు తగ్గించి ఒక మాట అంది. "నీకు ఈ సేను పోతే ఇంకో సేనుండాది. నా కోడలికి యాడుండాదిరా?" రికార్డింగులో అది సరిగా వినబడదు కూడా. ఆ మాట పూర్తికాగానే మళ్లీ "ఒరే కళ్లద్దాలోడా" అని మొదలవుతుంది.

"అది మెల్లగా అన్నావు గదవ్వా" అన్నాను, తల ఎత్తకుండా బూటు దులుపుకుంటూ. "ఆ మాటకు పిట్టలు లెయ్యవు. అందుకే వదిలేసినా."

"అది పిట్టలకు సెప్పింది కాదు గదప్పా" అంది అవ్వ.